కాళ్ళు కట్టిన మనిషి

ఆ ఏడు ఆడి కృత్తిక నాడు మా అక్క వకీలును మార్చేసింది.

తిరుత్తణి కొండకు కావళ్ళు పోయే రోజు. మా ఊరు కే.జీ.కండిగైలో బస్సులు ఆపేశారు. పసుపు బట్టలు కట్టుకున్నవాళ్ళు ‘అరోగరా’ అంటూ పొద్దుటి నుంచి మా వీధిలో నడిచిపోతూనే ఉన్నారు. బడికి సెలవు. నేను వసారాలో కూర్చుని తొమ్మిదో తరగతి తెలుగు పేపర్లు దిద్దుతున్నాను. మా బడి పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. కలం పట్టుకుంటే మాత్రం వాళ్ళకు తమిళ అక్షరాలే ముందు గుర్తుకు వస్తాయి. అందుకని దిద్దడం నెమ్మదిగా సాగుతుంది. ఆ రోజుల్లో నాకు అలాంటి పనే కావలసి ఉండింది.

దేవకక్క వీధిలోంచి వచ్చి మెట్టు మీద కూర్చుంది. ముఖం చెమటతో తడిసి ఉంది.

“సుందరం, ఆ పెద్ద వక్కీలు మాకొద్దని చెప్పేసొచ్చినా.”

“ఎవరు? మామ వకీలా?”

“మామకేంది, అందరికీ ఆయనే గదా. ఇంగ మామకు మాత్రం వేరే.”

మామ అంటే జనార్ధనం. మా అమ్మకు స్వయానా తమ్ముడు, మా అక్కకు భర్త. మా వైపు మేనమామకు పిల్లనివ్వడం మామూలే. మా తమ్ముడు ఇంద్రసేనను చంపిన కేసులో శిక్ష పడిన ఆరుగురిలో ఆయన ఒకడు. ఈ మాటలను నేను మనసులో ఎన్నో రకాలుగా రాసుకుని చూశాను. ఎటు తిప్పి రాసినా ఒకే ఇంటి మనుషులు రెండు వైపులా వచ్చి నిలబడతారు.

ఊత్తుకోట దాటి ఆంధ్రాకు పోయే దారిలో మా అమ్మ పుట్టిన ఊరు ఉంది. పెళ్ళప్పుడు పసుపు కుంకుమ కింద ఆమెకు ఇచ్చిన మడి అక్కడే, చెరువు కట్టను ఆనుకుని. దాన్ని ఇంద్రసేన సాగు చేసేవాడు. అక్కా మామల ఇంట్లోనే ఉండేవాడు. వాళ్ళకు పిల్లలు లేరు. కొడుకైనా తమ్ముడైనా వాడే. ఆ చెరువులో మట్టి తవ్వి లారీలతో తోలడం మొదలుపెట్టినవాళ్ళు మా అమ్మ దాయాదులు. వాళ్ళను ముందుండి నడిపించినవాడు శేషాద్రి పెద్దమామ కొడుకు గుహన్. లారీలు మా మడి గట్టు తొక్కుకుంటూ పోయాయి. ఒక పొద్దున ఇంద్రసేన దారికి అడ్డం నిలబడ్డాడు. గుంపుగా వచ్చి కొట్టారు. చెరువు కట్ట కిందే పోయాడు.

చూసింది వెంకటముని, ట్రాక్టరు నడిపే అతను. దూరం నుంచి చూశాడు. కోర్టులో చూసింది చూసినట్టే చెప్పాడు: ఎవరు గడ్డపార పట్టుకున్నారు, ఎవరు కట్టె పట్టుకున్నారు. చివర్లో, “జనార్ధనం కాళ్ళ దగ్గర కూర్చోని తువ్వాలు చించి కాళ్ళు కట్టినాడు. ముఖాన గుడ్డ కప్పినాడు,” అన్నాడు. పారిపోకుండా కాళ్ళు కట్టారని, తర్వాత ముఖం మూశారని కింది కోర్టు అర్థం చేసుకుంది. అందరితో పాటు మామకూ యావజ్జీవం పడింది.

ఆ సాక్ష్యం విన్న రోజు మా అమ్మ వసుమతి ఇంటికి వచ్చి, కూర్చోకుండానే అంది: “నా తమ్ముడు నా కొడుకు కాళ్ళు కట్టినాడంట.” తర్వాత ఆ తమ్ముడి పేరు ఆమె నోట రాలేదు. శిక్ష పడ్డాక అక్క మా ఇంటికి వచ్చేసింది. అమ్మ ఆమెకు అన్నం పెట్టేది, తల దువ్వేది, ఆవు గురించి, వాన గురించి మాట్లాడేది. అక్క జైలుకు అర్జీ పెట్టి మామను చూసి వచ్చే రోజున మాత్రం పెరట్లోకి పోయి ఏదో ఒక పని పెట్టుకునేది.

మా అమ్మ పుట్టిన ఊళ్ళో ఒక వాడుక ఉంది. ఇంటి పేరు ఒకటైనవాళ్ళ మీద కేసు పడితే అందరికీ ఒకే వకీలు, అందరిదీ ఒకే మాట. ఈ కేసులో ఆ మాట, ‘మేమెవరమూ ఆ రోజు ఆడ లేము.’ మామ చేత కూడా అదే చెప్పించారు. ఇప్పుడు హైకోర్టులో వేసిన అప్పీలులోనూ అదే మాట.

“ఉన్నోణ్ణి లేడు లేడంటే జడ్జీలు నమ్ముతారా?” అంది అక్క, కొంగుతో మెడ తుడుచుకుంటూ. “తిరువళ్ళూరులో శివాని అని ఒక వక్కీలమ్మ ఉండాది. జైలుకు పొయ్యి మామను చూసొచ్చింది. నన్ను రమ్మనింది. నువ్వు గూడా రావాల.”

“నేనెట్ట వచ్చేది అక్కా? చచ్చిపోయినవాడి అన్నను.”

“నేను చచ్చిపోయినోడి అక్కను గాదా? నీకొక్కడికేనా వాడు తమ్ముడు?”

వీధిలో పెద్ద కావడి ఒకటి పోతుంటే మేళం మోతలో మా మాటలు ఆగిపోయాయి. మోత తగ్గాక అక్క గొంతు కూడా తగ్గింది.

“ఇద్దరు పొయినారు నాకు. ఒకడు తిరిగొచ్చే దారి ఉంటే చూడనీరా.”

నేను ఒప్పుకున్నది మామ కోసం కాదు. మామ చేశాడో లేదో నాకు తెలియదు. తెలియని విషయం మీద మాట్లాడకపోవడం నాకు అలవాటు. అక్క ఒంటరిగా రైలెక్కడం ఇష్టం లేక పోయాను.

*

శివాని ఆఫీసు తిరువళ్ళూరు కోర్టుకు ఎదురుగా, జెరాక్సు కొట్టు మీద. ఇరుకు మెట్లు. ఆమె నా విద్యార్థినుల కంటే ఒక పదేళ్ళు పెద్దదై ఉంటుంది. తెలుగులోనే పలకరించింది.

“మాది ఆరంబాక్కం సార్. ఇంట్లో తెలుగే, చదివింది తమిళం. తప్పులు వస్తే దిద్దుకోండి.”

“ఇక్కడ దిద్దేది మీరు,” అన్నాను.

ఆమె నవ్వలేదు. “సార్, మీరు ఎదుటి పక్షం. మీ ముందర మాట్లాడొచ్చా అని ఆలోచిస్తా ఉన్నా.”

“కింద కూర్చోమంటే కూర్చుంటాను.”

“వద్దు. మీరు వింటేనే మంచిదేమో.” గుమాస్తా పెరుమాళ్ అనే పెద్దాయన టీ తెచ్చి పెట్టాడు. ఆమె గ్లాసు ముట్టుకోలేదు. “నేను జైల్లో ఆయన్ని ఒక్కటే అడిగినా. కాళ్ళు ఎందుకు కట్టినావు అని. ఆయన నన్ను వింతగా చూసినాడు. ‘ఎందుకంటే ఏం చెప్పేది మేడమ్, ఎవురైనా కట్టేదే గదా’ అన్నాడు.”

అక్క గ్లాసు కింద పెట్టింది.

“ఇన్నేళ్ళుగా ఆయన్ని ఆ మాట ఎవరూ అడగలేదు. పోలీసులు అడగలేదు. పెద్ద వకీలైతే ‘నువ్వు అక్కడ లేవు, నోరెత్తొద్దు’ అన్నాడంట. లేనివాడిని ఎందుకు కట్టినావని అడిగేదెట్ట?” ఆమె కాగితాల కట్టలోంచి ఒక ఫోటో తీసి బల్ల మీద బోర్లా పెట్టింది. “సార్, మీ ఇళ్ళల్లో మనిషి పోతే, బంధువులు వచ్చేలోపు మొదట ఏం చేస్తారు?”

అది వకీలు అడిగిన ప్రశ్నలా లేదు. చెప్పాను.

“కళ్ళు మూస్తారు. గడ్డం కింద నుంచి నెత్తికి గుడ్డ కడతారు. కాళ్ళు దగ్గరికి చేర్చి...”

అక్కడ ఆగిపోయాను.

ఆమె ఫోటో తిప్పింది. పోలీసులు చెరువు కట్ట కింద తీయించినది. ముఖం లేదు. రెండు పాదాలు మాత్రమే. ఇంద్రసేన పాదాలు. అరికాళ్ళకు మడి బురద ఎండిపోయి ఉంది. మడమలు ఒకదానికొకటి ఆనించి ఉన్నాయి, ఎవరో జాగ్రత్తగా సర్ది పెట్టినట్టు. రెండు బొటనవేళ్ళూ కలిపి, తువ్వాలు అంచు చించిన పేలికతో కట్టి ఉన్నాయి. వాణ్ణి ఆసుపత్రి నుంచి తెచ్చినప్పుడు మొత్తం చుట్టేసి తెచ్చారు. ఆ పాదాలను నేను అప్పుడు చూడలేదు.

“ఈ ఫోటో మొదటి నుంచి కోర్టులోనే ఉంది,” అంది శివాని. “కాళ్ళు కట్టినారు అని సాక్షి చెప్పినాడు, కట్టి ఉన్న ఫోటో ఉంది. సరిపోయింది అనుకున్నారు అందరూ. చీలమండల దగ్గర కట్టిన గుర్తే లేదని డాక్టరు చెప్పినాడు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.”

అక్క ఫోటో మీదికి వంగింది. వేలితో ముట్టబోయి మానుకుంది.

“ఆ తువ్వాలు నేను కొనిందే. ఊత్తుకోటలో,” అంది. కాసేపటికి, “నాకెందుకు చెప్పలేదు మేడమ్? ఎన్నిసార్లు పోయినా! ‘నేను కొట్టలేదు దేవకీ’ అనేదే గానీ, ఇంగొక మాట లేదు,” అంది.

“పక్కనే ఆ ఐదుగురూ ఉంటారు గదమ్మా. అది ఒకటి.” శివాని ఫోటోను తిరిగి కట్టలో పెట్టింది. “ఇంకొకటి కూడా చెప్పినాడు. ‘వాడు ఎట్ట పొయినాడో దేవకి ముందర చెప్పే ధైర్యం నాకు లేదు’ అని.”

తిరుగు రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. తిరువళ్ళూరు స్టేషన్లో అక్క జామకాయలు కొనింది. ఉప్పూ కారం అద్దుకుంటూ అరక్కోణం దాకా తింటూనే ఉంది. ఆమె ఏదైనా రుచి చూసి తినగా నేను చూసి చాలా కాలమైంది. మధ్యలో ఒకసారి మాత్రం, నమలడం ఆపి, “పావం, ఆ ముడి వేసేటప్పుడు మామ చేతులెట్ట వణికినాయో,” అంది.

*

అమ్మకు చెప్పడం నా పని అయింది.

విత్తనం వేసే రోజులు. అమ్మ వసారాలో చేట ముందు పెట్టుకుని శెనక్కాయలు వలుస్తోంది. విత్తనపు కాయ కాబట్టి ఒక్కొక్కటీ చూసి, పొట్టు చెదరకుండా వలవాలి. నేను కూడా కూర్చుని గుప్పెడు తీసుకున్నాను. తరగతిలో కష్టమైన పాఠం చెప్పే ముందు నేను మొదటి వాక్యాన్ని లోపల సిద్ధం చేసుకుంటాను. ఆ రోజు సిద్ధం చేసుకున్నది ఒక్క వాక్యమే.

“అమ్మా, మామ కట్టింది ఇంద్రసేన కాళ్ళను కాదు. బొటనవేళ్ళను.”

అమ్మ చేతిలో కాయ చిట్లింది.

“రెండూ కలిపా?”

“కలిపే. ఫోటో చూశాను.”

“అప్పటికే పొయినాడా వాడు?”

“పోయాకే కట్టినాడంట.”

వీధిలో ఎవరో మేకలు తోలుకుపోయారు. అవి పోయేదాకా అమ్మ వాటినే చూసింది.

“ముఖాన కప్పింది? ఎండ పడకుండానా?”

“అయ్యుండొచ్చు.”

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చేతిలో ఉన్న గింజలను మంచివీ పగిలినవీ వేరు చేసింది. చేట నిండేదాకా లేవలేదు. ఆ తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టు అంది: “నేను వాడు కుక్కలా పడుండాడనుకున్నా. పోలీసోళ్ళు వచ్చిందాకా, దిక్కు లేకుండా.”

ఆ వారం అక్క జైలుకు బయల్దేరుతుంటే అమ్మ పెరట్లోకి పోలేదు. వంటింట్లోంచి ఒక డబ్బా తెచ్చి ఆమె సంచిలో పెట్టింది. బెల్లం పాకంలో చుట్టిన శెనగింజల ఉంటలు. వెచ్చగా ఉన్నాయింకా.

“అమ్మా, ఇంటి తిండి లోపలికి పోనీరు,” అంది అక్క.

“గేటు దాకా పోనీలే.”

సాయంత్రం అక్క డబ్బా నిండుగా తిరిగి తెచ్చింది. అమ్మ మూత తీసి ఒక ఉంట అక్క చేతిలో పెట్టింది, ఒకటి నాకు ఇచ్చింది, ఒకటి తాను కొరికింది.

“పాకం ముదిరింది,” అంది. “ఈసారి లేతగా పట్టాల.”

*

ఆవణి నెలలో శేషాద్రి పెద్దమామ కారులో వచ్చాడు. మా అమ్మకు పెదనాన్న కొడుకు, గుహన్ తండ్రి. మా తమ్ముడు పోయిన తర్వాత మా గడప తొక్కడం అదే మొదలు. అరటిపండ్ల అత్తం తిన్నె మీద పెట్టించి కూర్చున్నాడు. అక్క తలుపు పక్కన నిలబడింది.

“దేవకీ, వక్కీలును మార్చినావంటనే?”

“ఆమా, మార్చినా పెద్దమామా.”

“మమ్మల్ని ఒక మాట అడగొద్దా? ఆరుగురూ ఒక మాట మీదుంటే ఆరుగురూ వస్తారు. ఒకడు పొయ్యి ‘నేను ఆడ ఉండినా’ అంటే ఏమవుతుంది? మిగతావాళ్ళు గూడా ఉన్నట్టే గదా!”

“ఉండారు గదా.”

“ఏమన్నావు?”

“ఉండారు గదా అంటుండా. ఎవురూ లేకుండానే మా తమ్ముడు చచ్చిపొయినాడా?”

పెద్దమామ నా వైపు తిరిగాడు. “సారువాళ్ళు గమ్మున కూర్చోనుండారే! ఊరి పిల్లకాయలకంతా బుద్ధులు చెప్పేవాడివి, ఇంట్లో ఆడోళ్ళకు చెప్పలేవా?”

“నేను పిల్లలకు చెప్పేది ఒకటే పెద్దమామా. అడిగినదానికి జవాబు రాయమని.”

“ఓహో. ఇది పరీక్షా?”

“నీకు గాదులే అన్నా,” అంటూ అమ్మ లోపలి నుంచి వచ్చింది. చేతిలో మజ్జిగ చెంబు. “ఎండన పడి వచ్చినావు. తాగు.”

ఆయన ఎత్తి తాగాడు. మీసాలు తుడుచుకుని గొంతు తగ్గించాడు. “వసుమతీ, నువ్వైనా ఆలోచించు. మనమంతా ఒక ఇంటోళ్ళం. నీ తమ్ముడొక్కడు బయటికొచ్చి, నా కొడుకు జైల్లోనే ఉంటే, ఆ జనార్ధనం ఊళ్ళో తలెత్తుకోని తిరగతాడా? వాణ్ణి మాత్రం ఎవురు చేర్చుకుంటారు?”

అమ్మ చెంబు అందుకుంది. “కోర్టులో వొద్దు. నాకు చెప్పన్నా. నీ కొడుకు ఆ పొద్దు ఆడ ఉన్నాడా, లేడా?”

శేషాద్రి పెద్దమామ ముసలివాడు. కొడుకు లేని ఇంట్లో ఆయన కూడా ఎన్నో రోజులు గడిపి ఉంటాడు. అమ్మ కళ్ళలోకి చూడబోయి, చెప్పుల వైపు చూశాడు. అబద్ధం మాత్రం చెప్పలేదు. అందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ కొంత గౌరవం ఉంది.

“మజ్జిగ తాగినావు గదా,” అంది అమ్మ. “ఇంగ పొయ్యిరా అన్నా. ఆ పండ్లు తీసకపో.”

ఆయన తీసుకుపోలేదు. కారు మలుపు తిరిగాక అమ్మ ఆ అత్తాన్ని ఆవు ముందు వేసింది. ఆవు తొక్కలతో సహా తినేసింది.

“దానికి ఏ పట్టింపూ లేదు,” అంది అక్క. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో ముగ్గురమూ నవ్వాము.

*

తర్వాతి నెల, పురట్టాసిలో, అప్పీలు విచారణకు వచ్చింది. శివాని చెన్నైకి పోయింది. మమ్మల్ని తిరువళ్ళూరు ఆఫీసులోనే కూర్చోబెట్టి, పెరుమాళ్ లాప్‌టాప్‌లో హైకోర్టు పెట్టాడు. ఇద్దరు జడ్జీలు. తెర మీద వాళ్ళ ముఖాలు అగ్గిపెట్టె అంత.

పెద్ద వకీలు మధ్యాహ్నం దాకా మాట్లాడాడు. ఎవరూ అక్కడ లేరన్నాడు. వెంకటముని అబద్ధాలకోరు అన్నాడు, ట్రాక్టరు మీద కూర్చున్నవాడికి అంత దూరం కనబడదన్నాడు. ఆయన గెలిస్తే మామ వస్తాడు. గుహన్ కూడా వస్తాడు. ఆ గడ్డపార ఎవరి చేతిలోనూ లేదని ఖాయమవుతుంది. అలా వచ్చే మామ నాకు కావాలా? పక్కన అక్క ఉంది కాబట్టి ఆ ప్రశ్నను నాలోనే ఉంచుకున్నాను.

శివాని వంతు వచ్చినప్పుడు ఆమె మొదటి మాటే, తన కక్షిదారు అక్కడ ఉన్నాడని. వెంకటముని చెప్పిన ప్రతి మాటా నిజమేనని. ఆ తర్వాత ఫోటో గురించి, డాక్టరు మాట గురించి చెప్పి కూర్చుంది.

పెద్ద జడ్జి ఫోటోను చాలాసేపు చూశాడు. సర్కారు వకీలును తమిళంలో అడిగాడు: “చంపడానికి వచ్చినవాడు బొటనవేళ్ళు కలిపి ఎందుకు కడతాడు?”

“పారిపోకుండా, మై లార్డ్...”

“బొటనవేళ్ళు కట్టా?” అన్నాడు జడ్జి. కళ్ళజోడు తీశాడు. “ఇది మన అందరి ఇళ్ళల్లోనూ చేసేదే కదా.”

సర్కారు వకీలు కాగితాలు తిప్పుతున్నాడు. ఆయన ఏం చెప్పాడో మాకు తెలియలేదు. నెట్టు ఆగిపోయి, కళ్ళజోడు చేతిలో పట్టుకున్న జడ్జి ముఖం అలాగే నిలిచిపోయింది. పెరుమాళ్ లాప్‌టాప్‌ను కిటికీ దగ్గరికి, తలుపు దగ్గరికి మోసుకుని తిరిగాడు. “వస్తాది వస్తాది, నిన్న గూడా ఇట్టే చేసింది,” అంటూ దాని వీపు తట్టాడు. అక్క మాత్రం ఆ కదలని ముఖానికి రెండు చేతులూ జోడించింది.

తీర్పు వచ్చిన రోజు నేను ఎనిమిదో తరగతిలో ఉన్నాను. ఫోను జేబులో అదిరింది. గంట కొట్టేదాకా తీయలేదు. తీశాక శివాని పంపింది వరండాలో నిలబడి చదివాను. గుహన్‌తో పాటు ఐదుగురికీ శిక్ష ఖాయం. జనార్ధనం నిర్దోషి, వెంటనే విడుదల చేయాలి.

నాకు ఈ రెండు వాక్యాలూ కావలసి వచ్చాయి. మొదటిది లేకుండా రెండోది ఒక్కటే వచ్చి ఉంటే ఆ సాయంత్రం ఇంటికి ఎలా పోయేవాణ్ణో తెలియదు. స్టాఫ్ రూములో కూర్చుని క్యారియరు విప్పాను. అడుగున ఉన్న పెరుగన్నంతో సహా తినేశాను. పక్క సీటు లెక్కల టీచరు, “ఏంది సార్, ఈ రోజు మాకు చింతకాయ తొక్కు గూడా మిగల్చలేదే,” అంది.

*

అక్క సంతోషంలో కూడా ఒక భయం ఉంది. మామను ఎక్కడికి తీసుకుపోవాలి? ఆ ఊరికి పోలేరు. ఐదుగురు లోపల ఉండగా ఆయన ఒక్కడే ఆ వీధిలో నడవలేడు. మిగిలింది మా ఇల్లు. అమ్మ రమ్మనలేదు. వద్దనలేదు. తీర్పు విని, “ఐదుగురికీ ఖాయమా?” అని అడిగి, ఔనంటే దేవుడి గూట్లో దీపం పెట్టింది. మామ మాట ఎత్తలేదు.

“గడప దగ్గరికి తెచ్చి నిలబెట్టినాక పొమ్మంటే?” అంది అక్క, జైలు బయట వేపచెట్టు కింద. “బొటనవేళ్ళు కట్టినాడు, సరే. కొట్టేటప్పుడు అడ్డం పోలేదేమని అడిగితే?”

“అడిగితే ఆయన చెబుతాడు. ఇక్కడ నుంచి మాత్రం మన ఇంటికే.”

మామ చిన్న గేటులోంచి వంగి బయటికి వచ్చాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. చేతిలో ప్లాస్టిక్ సంచి. అక్క సంచి అందుకుంది. ఆయన నన్ను చూసి, “బడి లేదా సుందరం?” అన్నాడు. “సెలవు పెట్టినా మామా,” అన్నాను. మామా అని పిలిచి ఎంత కాలమైందో ఇద్దరికీ తెలుసు. తిరుత్తణి దాకా బస్సులో ఆయన కిటికీలోంచి మళ్ళను చూస్తూ వచ్చాడు. ఎక్కడ ఏ పంట ఉందో పెదవులతో అనుకుంటున్నాడు.

ఇంటికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. అమ్మ గడపలో నిలబడి ఉంది. రెండు చేతులూ రెండు వైపులా ద్వారబంధం మీద ఉన్నాయి. మామ మెట్ల కిందే ఆగిపోయాడు. పురట్టాసి ఎండ ఆయన తెల్ల తల మీద పడుతోంది.

“అక్కా,” అన్నాడు.

అమ్మ చేతులు తీయలేదు.

“జనా, నేనొకటి అడగతా. ఏడుస్తానని దాచొద్దు. వాడు పొయ్యేటప్పుడు నువ్వు ఉన్నావా, పొయినాక వచ్చినావా?”

“ఉన్నా అక్కా. లారీని ఆపినారని విని పరిగెత్తినా. నేను పొయ్యేసరికి కొట్టేసినారు, చుట్టూ నిలబడుకోనుండారు. తోసుకోని పొయ్యి తలకాయ తొడ మీద పెట్టుకున్నా.”

“మాట్లాడినాడా?”

మామ అక్క వైపు చూశాడు, నా వైపు చూశాడు. “మాట్లాడినాడు.”

“ఏమని?”

“‘మామా, మోటరు ఆపలేదు’ అన్నాడు. మడికి నీళ్ళు పెట్టి, అట్నుంచి అట్టే వచ్చేసినాడంట లారీకి అడ్డం. ‘గట్టు తెగిపోతాది, పొయ్యి ఆపు మామా’ అన్నాడు. ఆపేసొచ్చినాలేరా అన్నా.”

“ఆపినావా?”

“యాడక్కా? వాణ్ణి వొదిలిపెట్టి యాడికి పొయ్యేది?”

అమ్మ ద్వారబంధాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది.

“విన్నాడా? నువ్వు ఆపినానని చెప్పింది?”

“విన్నాడు. ‘సరి మామా’ అన్నాడు. అంతే.”

“సరి మామా అన్నాడా,” అంది అమ్మ.

ఆమె చేతులు ద్వారబంధం మీద నుంచి దిగాయి. పక్కకు జరిగింది. కొంగుతో ముఖం తుడుచుకుని, చిన్నప్పుడు తమ్ముణ్ణి కసిరినట్టే కసిరింది.

“ఎండలో ఏందిరా అట్ట నిలబడుకోనుండావు? లోపలికి దా.”

మామ చెప్పులు విడిచాడు.